ఉగ్రవాద ముఠాలు, వాటిలో చేరినవాళ్ల చుట్టూ అల్లిన కథలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. 2025 జూలై మొదటి వారం నాకు పాఠం సాగనే లేదు. రాయచోటిలో పాత ఉగ్రవాద కేసుల్లోని ఇద్దర్ని తమిళనాడు పోలీసులు పట్టుకున్నారన్న వార్త వచ్చిన రోజు నుంచి క్లాసులో చేతులు లేస్తూనే ఉన్నాయి. ఆ ప్రశ్నలు కాలేజీ గేటు దాటి ఏడు రోడ్ల దగ్గర టీ కొట్టుకు చేరాయి. అక్కణ్ణుంచి మా ఇంటికీ వచ్చాయి. మా అత్తకు కూడా సందేహాలున్నాయి. అడిగిందే మళ్లీ అడుగుతుంటే, రాసి పెడితే ఒక పనైపోతుంది అనిపించింది. నేను పోలీసును కాదు, పాత సంగతులు చదువుకునేవాణ్ణి. ఆ లెక్కనే చదవండి.

రాయచోటిలో దొరికినవాళ్లు 30 ఏళ్లుగా తప్పించుకు తిరుగుతున్నారంటున్నారు. ఎవరికీ తెలియకుండా ఎలా ఉంటారు సార్?

మీ వీధి చివర కిరాణా కొట్టాయన సొంతూరు ఏదో చెప్పగలరా? నన్ను నేనే అడిగి చూసుకున్నాను, చెప్పలేకపోయాను. పదేళ్లుగా ఆయన దగ్గరే చక్కెర కొంటున్నాను.

పోలీసులు చెప్పినదాన్ని బట్టి ఆ ఇద్దరూ 1990ల నాటి కేసుల్లో వెతుకుతున్నవాళ్లు, మారుపేర్లతో చిన్న వ్యాపారం చేసుకుంటూ బతికినవాళ్లు. నిజానిజాలు కోర్టులో తేలాలి. కానీ దాక్కోవడం అంటే గుహలో కూర్చోవడం కాదన్నది మాత్రం పాత సంగతే. నెల తిరగ్గానే అద్దె ఇచ్చి, పెళ్లికి పిలిస్తే వచ్చి నూట పదహార్లు చదివించి, ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషిని ఎవరు అనుమానిస్తారు? మనకు అనుమానం వచ్చేది ఎప్పుడూ గొడవ చేసేవాడి మీదే.

ఆ వారంలోనే మా క్లాసు కుర్రాడు ఒకడు గది ఖాళీ చేశాడు. ప్రొద్దుటూరు వాడు, ముస్లిం. ఇంటావిడ కోప్పడలేదట. "మా అన్న కొడుకు వస్తాండాడు నాయనా, గది కావాల" అందట. అన్న కొడుకు ఇంతవరకు రాలేదు. గేటుకు టు-లెట్ బోర్డు మాత్రం వేలాడుతోంది.

అసలు ఉగ్రవాది అంటే ఎవరు? నక్సలైటు, తీవ్రవాది, టెర్రరిస్టు అందరూ ఒకటేనా?

మన పేపర్లు మాటల్ని కొంచెం చూసుకుని వాడతాయి, టీ కొట్టులో అన్నీ కలిసిపోతాయి. నేను క్లాసులో చెప్పేది ఇది: ఎదురుగా ఉన్న శత్రువుతో సంబంధం లేని మామూలు జనాన్ని చంపి, చూస్తున్న మిగతావాళ్లను భయపెట్టి, దానితో రాజకీయ పని సాధించుకోవాలనుకోవడం ఉగ్రవాదం. చచ్చినవాడు ఎవరన్నది వాళ్లకు పెద్దగా పట్టదు. ఎంతమంది చూశారన్నదే లెక్క.

తమాషా ఏమిటంటే 'టెర్రర్' అన్న మాట రాజకీయాల్లోకి వచ్చింది ప్రభుత్వం వల్లే. 1793-94లో ఫ్రాన్సు విప్లవ ప్రభుత్వం జనాన్ని వరసగా గిలెటిన్ అనే తల నరికే యంత్రం ఎక్కించిన కాలానికి ఆ పేరు పడింది. తర్వాత అది ప్రభుత్వాల మీద బాంబులు వేసేవాళ్లకు బదిలీ అయింది. ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం ఈ రోజుకీ లేదు. ఐక్యరాజ్యసమితిలో ఇండియా 1996లో ఒక సమగ్ర ఒప్పందం ముసాయిదా పెట్టింది. నిర్వచనం దగ్గరే అది ఆగిపోయింది. మన దేశంలో మాత్రం చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం ఉంది, ఉపా అంటాం. 1967 నాటిది, 2004, 2008, 2019లలో గట్టిగా మార్చారు. అందులో నిషేధిత సంస్థల జాబితా ఉంది. లష్కరే తోయిబా, మావోయిస్టు పార్టీ, ఎల్‌టీటీఈ అన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి.

అలా అయితే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కూడా బ్రిటిష్ వాళ్లకు ఉగ్రవాదేనా?

కర్నూలు వైపు పిల్లలు ఇది అడగకుండా వదలరు. వాళ్ల కాగితాల్లో ఆయన తిరుగుబాటుదారు, బందిపోటు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. తలను కోట గోడ మీద 1877 దాకా వేలాడదీసి ఉంచారు. ముప్పై ఏళ్లు! ఉరి తీసింది ఒక మనిషిని, ఆ తల చూపించింది ఊరందరికీ. నేను పైన చెప్పిన నిర్వచనం పట్టుకుని చూడండి, 'చూస్తున్నవాళ్లను భయపెట్టడం' అన్నది ఇక్కడ ఎవరు చేశారో మీకే తెలుస్తుంది. ఆయన ఖజానా మీద, సర్కారు మనుషుల మీద పడ్డాడు, సంతకొచ్చిన జనం మీద పడలేదు. దీనిమీద ఇంకా వాదించాలంటే క్లాసు అయ్యాక రండి.

పూర్వం ఒక ముసలాయన కుర్రాళ్లకు హషీష్ అనే గంజాయి మత్తు తాగించి, స్వర్గం లాంటి తోటలో తిప్పి, హత్యలకు పంపేవాడట కదా?

అన్ని కథల్లోకీ తాత లాంటి కథ ఇది. ఇరాన్‌లోని అలముత్ కోటది. కథ ఇలా నడుస్తుంది: కోట వెనక లోయలో పాలు, తేనె పారే కాలవలు, పాడే అమ్మాయిలు. కుర్రాడికి మత్తు ఇచ్చి అందులో పడేస్తారు. నాలుగు రోజులు సుఖపడ్డాక మళ్లీ మత్తు ఇచ్చి బయటికి తెస్తారు. "మళ్లీ అక్కడికి పోవాలంటే ఫలానా వాణ్ణి చంపిరా" అంటారు. వాడు పరుగెత్తుతాడు. ఈ కథను ప్రపంచమంతా తిప్పింది మార్కో పోలో.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ముసలాయన, అంటే షియా ముస్లింలలో ఒక చిన్న వర్గానికి పెద్దయిన హసన్ సబ్బా, అలముత్ కోటను 1090లో పట్టుకున్నాడు, 1124లో పోయాడు. మంగోలు సైన్యంతో హులగు వచ్చి ఆ కోటను 1256లో కూల్చాడు. మార్కో పోలో పుట్టింది 1254లో. కోట కూలేనాటికి ఆయనకు రెండేళ్లు, ఉన్నది వెనిస్‌లో. జెనోవా జైల్లో కూర్చుని ఇదంతా ఇంకొకరితో రాయించింది ఆ శతాబ్దం చివర్లో. కళ్లారా చూసినవాడు వేరే ఉన్నాడు. జువైనీ అనే చరిత్రకారుడు హులగు వెంటే కోటలోకి వెళ్లాడు. ఆ వర్గమంటే ఆయనకు మంట, వాళ్ల పుస్తకాలు తగలబెట్టించిన మనిషి. ఆయన రాతల్లో రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి, సరుకు నిల్వ గదులున్నాయి. తోట లేదు. ఉండి ఉంటే ఆయన వదిలేవాడా?

ఇక హషీష్ సంగతి. 'హషీషీ' అని ఆ వర్గాన్ని చుట్టుపక్కలవాళ్లు తిట్టేవాళ్లు. మన దగ్గర గిట్టనివాణ్ణి "తాగుబోతు ఎదవ" అన్నట్టే. తిట్టిన ప్రతివాడూ వాడి నోరు వాసన చూసి తిట్టడు కదా. క్రూసేడ్లనే మతయుద్ధాలకు వచ్చిన యూరప్ వాళ్లు ఆ తిట్టు విని, దానికి తగ్గ కథ కట్టుకున్నారు. ఇంగ్లీషులో హంతకుడికి వాడే 'అసాసిన్' ఆ తిట్టులోంచే వచ్చింది. హసన్ సబ్బా తన కొడుకుల్లో ఒకణ్ణి మద్యం తాగాడన్న ఆరోపణ మీద చంపించాడని పాత చరిత్రకారులు రాశారు. అలాంటి మనిషి మత్తుమందు పంచుతాడా?

అన్నిటికన్నా మామూలు ఇంగితం ఒకటుంది. 1192లో టైర్ పట్నంలో కాన్రాడ్ అనే క్రైస్తవ రాజును చంపిన ఆ వర్గం వాళ్లిద్దరూ సన్యాసుల వేషంలో వచ్చి, అక్కడే ఉండి, నమ్మకం సంపాదించుకుని, సమయం చూసి కత్తి దించారు. పరాయి భాష, పరాయి ప్రార్థనలు. మత్తులో ఉన్నవాడి వల్ల అయ్యే పనేనా అది? సారా తాగినవాడు సైకిలే తిన్నగా తొక్కలేడు.

కోట మీద నుంచి దూకమంటే దూకేవాళ్లన్నది?

1194లో హెన్రీ అనే క్రూసేడ్ నాయకుడు సిరియాలో ఆ వర్గం కోటకు వెళ్లినప్పుడు, అక్కడి పెద్ద సైగ చేయగానే ఇద్దరు బురుజు మీద నుంచి దూకి చచ్చారని కథ. చెప్పింది క్రూసేడ్ వైపు రాతగాళ్లు. ఇలాంటి కథ రెండు వైపులకూ లాభమే. కోట పెద్దకు "నా మనుషులు ఇలాంటివాళ్లు" అన్న పేరు వస్తుంది, ఖర్చు లేకుండా. ఓడినవాడికి "మనుషులైతే గెలిచేవాళ్లం, వాళ్లు దయ్యాలు" అన్న సాకు దొరుకుతుంది. ఏ కథ విన్నా ఇది ఎవరికి పనికొస్తోంది అని ఒకసారి అడగండి. నా దగ్గరున్న పరికరం అదొక్కటే, కింద కూడా దాన్నే వాడతాను.

ఆ వర్గం వాళ్లు ఇప్పుడున్నారా?

ఉన్నారు. నిజారీ ఇస్మాయిలీలు. ఆగా ఖాన్ వాళ్ల పెద్ద. హైదరాబాద్‌తో సహా చాలాచోట్ల బడులు, ఆస్పత్రులు నడుపుతుంటారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి తిట్టుతో వాళ్లకు ముడిపెట్టకండి.

థగ్గులు కాళికి బలివ్వడానికి బాటసారుల్ని చంపేవాళ్లట. మన వైపు కూడా ఉండేవాళ్లా?

మన వైపు వాళ్లను ఫాన్సీగర్లు అన్నారు, ఉరితాడు వాళ్లు అని. చిత్తూరు మెజిస్ట్రేటు పట్టుకున్న ముఠాల వివరాలు తీసుకుని, మద్రాసులో ఉన్న షెర్వుడ్ అనే డాక్టరు 1816లో ఒక వ్యాసం రాశాడు. ఉత్తరాదిలో స్లీమన్ దొర థగ్గుల వేట హడావుడి మొదలవక ముందే. పాళెగాళ్ల అండ వాళ్లకు ఉండేదని కూడా రాశాడు. 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాక మన్రో వచ్చి పాళెగాళ్లను అణిచాడని మీరంతా చదివిందే. పాళెగాడి కింద కత్తి పట్టి బతికిన బంట్లకు ఒక్కసారిగా జీతం పోయింది. అలాంటివాళ్లలో కొందరు దారి కాచి ఉంటారనుకోవడానికి కాళికా దేవి అవసరం లేదు.

హత్యలు నిజం. బైరాం అనే థగ్గు 931 మందిని చంపాడన్న లెక్క మాత్రం ఎక్కడెక్కడో అచ్చయింది. వాంగ్మూలం చూస్తే, తన చేతులతో చంపింది 125 దాకా ఉండొచ్చని అతను చెప్పుకున్నాడు. పెద్ద అంకె అతను ఉన్న ముఠాలది. 125 తక్కువా అని అడక్కండి. కాకపోతే 931 అనగానే మనిషి పోయి రాక్షసుడు వస్తాడు. రాక్షసుణ్ణి పట్టాలంటే పెద్ద చట్టం కావాలి. 1836లో అది వచ్చింది. థగ్గు ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, ఏ హత్య చేశాడో రుజువు చేయక్కర్లేదు, యావజ్జీవం. అదే ఆలోచన పెరిగి 1871లో నేరస్థ తెగల చట్టమైంది. మన ఎరుకల కుటుంబాల్లో పిల్లాడు పుట్టగానే దొంగ కింద జమ కట్టింది ఆ చట్టం వల్లే. 1952 దాకా దేశం దాన్ని పూర్తిగా వదిలించుకోలేదు. ఒక భయం కథకు అయిన ఖర్చు అది. కట్టినవాళ్లు వేరేవాళ్లు.

మొదటి ప్రపంచ యుద్ధం ఒక శాండ్‌విచ్ వల్ల మొదలైందన్న రీల్ చూశాను. నిజమా?

లేదు నాయనా. 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు కారు దారి తప్పి సందు తిరగడం నిజం. ఆ యువరాజును కాల్చి చంపి యుద్ధానికి నిప్పు పెట్టిన ప్రిన్సిప్ అనే కుర్రాడు ఆ మలుపులో ఒక తినుబండారాల కొట్టు ముందు నిలబడి ఉండడం నిజం. శాండ్‌విచ్ తింటూ ఉన్నాడన్నదే తర్వాతి తరం వాళ్లు పెట్టిన ఊరగాయ. అప్పటి సాక్ష్యాల్లో లేదు.

నిజంగా జరిగిందే దీనికన్నా నవ్వూ ఏడుపూ తెప్పిస్తుంది. ప్రిన్సిప్‌తో పాటు హత్యకు వచ్చిన గుంపులో మరొకడు ముందే బాంబు వేసి, గురి తప్పి, సైనైడ్ మింగి నదిలో దూకాడు. సైనైడ్ పనిచేయలేదు, వాంతులయ్యాయి. నదిలో నీళ్లు లేవు, మన పెన్నలో వేసవిలో దూకినట్టే. జనం ఈడ్చుకొచ్చారు. ప్రిన్సిప్‌కు అప్పటికి 19 ఏళ్లు. ఇరవై నిండలేదని ఉరి వేయలేదు, 20 ఏళ్ల శిక్ష పడింది. 1918లో క్షయతో జైల్లోనే పోయాడు. మా ఫస్టియర్ పిల్లల వయసు వాడు.

ఇప్పటి ఉగ్రవాదులకు ఏవో మాత్రలు ఇస్తారట, నొప్పి, భయం తెలియకుండా?

హషీష్ కథకు మనవడు పుట్టాడు, పేరు క్యాప్టగాన్. సిరియా యుద్ధంలో ఆ మాత్రలు విపరీతంగా తిరిగిన మాట నిజం. రాత్రిళ్లు కాపలా కాసేవాళ్లు, లారీ డ్రైవర్లు, కాలేజీ కుర్రాళ్లు అందరూ మింగారు. కానీ 2015 నవంబర్‌లో పారిస్‌లో 130 మందిని చంపినవాళ్లు ఈ మాత్రల మత్తులోనే చేశారని పత్రికలు రాస్తే, పరీక్షల్లో ఆ మందు జాడ కనబడలేదు. 2020లో ఇటలీ రేవులో ఎనిమిది కోట్లకు పైగా మాత్రలు దొరికాయి. మొదటి రోజు "ఐసిస్ తయారీ" అన్నారు. తర్వాత వేళ్లు అప్పటి సిరియా ప్రభుత్వ పెద్దల అండ ఉన్న వ్యాపారం వైపు తిరిగాయి. మొదటి వార్త చదివినవాళ్లలో రెండోది చదివింది ఎందరో!

మందు కథ అంటే మనకెందుకంత ఇష్టమంటే, అది ఊరట ఇస్తుంది. మందు వల్ల చేశాడంటే మనలాంటివాడు చేయలేదని అర్థం.

చదువు లేని పేదవాళ్లే కదా చేరేది?

కూలీ చేసుకునేవాడికి ఇలాంటి వాటికి తీరిక తక్కువ. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలిన జపాన్ మత ముఠా ఓమ్ షిన్రిక్యోలో సైన్సు పీజీలు ఉన్నారు. రైల్లో ఆ విషం నింపిన సంచుల్ని పొడిచి వదిలినవాళ్లలో ఒకడు గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. 2001 సెప్టెంబర్ 11 దాడుల నాయకుడు మొహమ్మద్ అట్టా ఆర్కిటెక్చర్ చదివి, జర్మనీలో పట్టణ ప్రణాళిక చదివాడు. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉండి 2025 మే 21న అబూజ్‌మాడ్ అడవుల్లో హతమైన నంబాల కేశవరావు మన శ్రీకాకుళం వాడు, వరంగల్ ఆర్ఈసీలో చదివాడు. 2025 నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలిన కేసులో డాక్టర్ల పేర్లు వచ్చాయి.

అలాగని చదువుకున్నవాళ్లే చేరతారు అని తిరగేయకండి. పేదరికం ఒక్కటే కారణమైతే మన అనంతపురం జిల్లా ఎన్ని కరువులు చూసింది! కరువుకు మనోళ్లు బెంగళూరు బస్సెక్కారు, బాంబు పట్టలేదు.

మతం పిచ్చి లేకపోతే ఆత్మాహుతి దాడులు చేస్తారా?

చేశారు, మన పొరుగునే, శ్రీలంకలో. ఎల్‌టీటీఈ స్వర్గం ఇస్తామని ఎవరికీ చెప్పలేదు. 1987 జూలై 5న నెల్లియడి దగ్గర సైనిక శిబిరంలోకి లారీతో దూసుకెళ్లినవాడు మొదటి 'నల్లపులి'. మెడలో సైనైడ్ గుళిక, ఊళ్లో సమాధి, ఏటా నవంబర్‌లో దీపాలు. వాళ్లు ఇచ్చింది అదీ. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపిన అమ్మాయి పాదాలకు దండం పెట్టబోయినట్టు వంగింది. మతాన్ని వాడుకునే ముఠాలూ బోలెడు ఉన్నాయి, అల్ ఖైదా, ఐసిస్ పని అదే. అయితే 2013లో సిరియాకు జిహాద్ కోసం బయల్దేరిన ఇద్దరు బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు ముందు ఆన్‌లైన్‌లో ఏం కొన్నారో తెలుసా? ఇస్లాం గురించి ఏమీ తెలియనివాళ్లకు రాసిన ప్రాథమిక పుస్తకాలు. పెళ్లి కుదిరాక పెళ్లికూతురి పేరు అడిగినట్టుంది.

మరి ఎలా చేరతారు? బ్రెయిన్‌వాష్ చేస్తారా?

ఈ ప్రశ్న దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను.

మార్క్ సేజ్‌మన్ అని ఒకప్పుడు సీఐఏలో పనిచేసిన సైకియాట్రిస్టు ఉన్నాడు. 172 మంది జిహాదీల వివరాలు పోగు చేసి 2004లో అచ్చు వేశాడు. పిచ్చి ఉన్నవాళ్లు చాలా తక్కువ. మూడింట రెండు వంతుల మంది చేరకముందే లోపలివాళ్లకు స్నేహితులు. ఇంకొందరు బంధువులు. ఎవరో ముసుగు మనిషి వచ్చి వల వేయడం కన్నా, దోస్తులే దోస్తుల్ని లాక్కెళ్లడం ఎక్కువ. అట్టా బృందం హాంబర్గ్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండి, కలిసి వండుకుని, కలిసి నమాజు చేసి, నెమ్మదిగా మిగతా ప్రపంచాన్ని వదిలేసిన గుంపు. 2016లో కేరళలోని కాసరగోడు, పాలక్కాడు వైపు నుంచి ఐసిస్‌లో చేరడానికి అఫ్గానిస్తాన్ వెళ్లిన ఇరవై చిల్లర మందిలో దంపతులున్నారు, అన్నదమ్ములున్నారు. వాళ్లతో పసిపిల్లలు కూడా.

మనకు ఇది కొత్తగా ఉండకూడదు. ఫ్యాక్షన్ ఊళ్లో పెద్దాయన వెనక తిరిగినవాణ్ణి ఎవరినైనా అడగండి, సిద్ధాంతం చెప్పడు. "మా మామ ఆ వర్గం" అంటాడు. "శెనిగ పంట పోయిన ఏడు మా ఇంటికి ఆయనే గింజలు పంపినాడు" అంటాడు. "వాళ్లు మా చిన్నాయనను నరికినారు" అంటాడు. మొదట జీపులో వెనక సీటు. తర్వాత "ఈ సంచి ఫలానా తోటలో పెట్టి రా." సంచిలో ఏముందో తెలిసేసరికి వెనక్కి రావడానికి దారి ఉండదు, పోలీసు స్టేషన్‌లో పేరు ఎక్కి ఉంటుంది. చేరిన రోజు ఏదని అడిగితే చెప్పలేడు, ఎందుకంటే అలాంటి రోజు లేదు. సిద్ధాంతం తర్వాత వస్తుంది, చేసినదాన్ని చెప్పుకోవడానికి.

బ్రెయిన్‌వాష్ అన్న మాట నాకు నచ్చదు. కడిగేవాడొకడు, కడిగించుకునేవాడొకడు ఉన్నట్టు ధ్వనిస్తుంది. చాలామంది తమ చేత్తోనే కడుక్కుంటారు, పక్కన దోస్తు నీళ్లు పోస్తుంటే.

అయితే ఫ్యాక్షన్ కూడా ఉగ్రవాదమేనా?

కాదు. నాటు బాంబు ఉన్నంత మాత్రాన కాదు. ఫ్యాక్షన్‌లో ఎవరు ఎవరిని చంపాలో ఊరందరికీ తెలుసు. నీళ్లు, కాంట్రాక్టులు, పంచాయతీ ఎన్నికలు, తాత నాటి పగ. చచ్చేవాడి పేరు ముందే రాసి ఉంటుంది. ఉగ్రవాదికి పేరు అక్కర్లేదు. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్ దగ్గర చాట్ తింటున్నవాళ్లు ఎవరో బాంబు పెట్టినవాళ్లకు తెలియదు. చట్టం కూడా వేరుగానే చూస్తుంది. ఫ్యాక్షన్ కేసులు హత్యానేరం, 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నడుస్తాయి. మనిషిని లాగే పద్ధతి ఒకటే, ఆడే ఆట వేరు.

కసబ్‌కు జైల్లో మటన్ బిర్యానీ పెట్టి మేపారు కదా?

మా అత్త ప్రశ్న ఇది. ప్రతి ఎన్నికల్లో ఏదో ఒక మైకులో వినబడుతుంది.

2008 నవంబర్ 26 ముంబై దాడిలో పదిమంది వచ్చి 166 మందిని చంపారు. ప్రాణాలతో దొరికింది కసబ్ ఒక్కడే. విచారణ మధ్యలో ఒకరోజు అతని కళ్లలో నీళ్లు తిరిగినట్టు కనబడిందట, టీవీలన్నీ దాని మీదే చర్చ పెట్టాయి. ఆ జాలి తుడిచేయడానికి బిర్యానీ అడిగాడని తానే కల్పించి మీడియాకు చెప్పానని ప్రభుత్వ న్యాయవాది ఉజ్వల్ నికమ్ 2015లో స్వయంగా ఒప్పుకున్నాడు. అడగలేదు, పెట్టలేదు. కసబ్‌ను 2012 నవంబర్ 21న యెరవాడ జైల్లో ఉరి తీశారు. మనిషి పోయి పదమూడేళ్లు దాటింది, బిర్యానీ మాత్రం ఇంకా వేడిగానే ఉంది.

ఇది చెప్తే మా అత్త కాసేపు ఆలోచించి, "అడగకపోతే మాత్రం పెట్టకుండా ఉంటారా" అంది. నేను ఊరుకున్నాను.

పోలీసులు అరెస్టు చేశారంటే ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదా?

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రెండూ హైదరాబాద్‌లోనే చూశాం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన జంట బాంబుల కేసులో ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఐదుగురికి 2016లో ఎన్‌ఐఏ కోర్టు మరణశిక్ష వేసింది. 2025లో హైకోర్టు ఖరారు చేసింది. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత మాత్రం పాతబస్తీ కుర్రాళ్లను ఎంతోమందిని పట్టుకెళ్లారు. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దర్యాప్తు చేతులు మారి హిందూ సంస్థలతో సంబంధం ఉన్నవాళ్లను నిందితులుగా చేర్చారు, 2018లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ మసీదులో చనిపోయినవాళ్ల ఇళ్లలో, ఎవరు చేశారు అన్నదానికి ఈ రోజుకీ జవాబు లేదు.

ఉపా కింద బెయిల్ రావడం చాలా కష్టం. అందుకే నిర్దోషి అని తేలేసరికి కుర్రాడు మధ్యవయసు వాడై ఉంటాడు.

ఇప్పుడు ఏయే ముఠాలు బలంగా ఉన్నాయి?

క్లుప్తంగా చెప్తాను, ఈ జాబితాలు ఆరు నెలలకు పాతబడతాయి. ఐసిస్ 2014లో మోసుల్‌ను పట్టుకుని రాజ్యం ప్రకటించుకుంది, 2019 మార్చిలో చివరి ఊరు బఘూజ్ కూడా పోయింది. దాని కొమ్మలు మిగిలాయి. ఖొరాసాన్ కొమ్మ 2024 మార్చి 22న మాస్కో సంగీత సభలో 140 మందికి పైగా చంపింది. ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న దేశాల్లో పరిస్థితి ఇప్పుడు ఘోరం, మన టీవీల్లో మాత్రం రాదు. కశ్మీర్‌లో 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మావోయిస్టు పార్టీ 2004లో రెండు పార్టీలు కలిసి ఏర్పడింది, ఇప్పుడు నాయకత్వమంతా చెదిరిపోయింది.

మా పిల్లోడు రాత్రంతా ఫోన్ పట్టుకునే ఉంటాడు. టెన్షన్‌గా ఉంది. ఏం గమనించాలి?

గడ్డం పెంచాడనో బొట్టు పెద్దది పెట్టాడనో టెన్షన్ పడకండి. పైన చెప్పిందే గుర్తుపెట్టుకోండి, మనుషులు మనుషుల ద్వారా చేరతారు. చిన్నప్పటి దోస్తులు ఒక్కొక్కరే రావడం మానేశారా? ఎవరో మొహం చూడని 'అన్న' వచ్చాడా? "ఇంట్లో చెప్పొద్దు" అన్న మాట ఎక్కడైనా తగిలిందా? ఇవే గుర్తులు ప్రేమలో పడినా, బెట్టింగ్ యాప్‌లో పడినా కనిపిస్తాయి. మన జిల్లాల్లో ఎక్కువగా తేలేది బెట్టింగ్ యాపే, ముందు అది చూడండి. తిట్టి ఫోన్ లాక్కుంటే ఆ 'అన్న'కు మీరే సాయం చేసినట్టు. భోజనం దగ్గర మాట్లాడండి, వాడు నమ్మే మేనమామనో పీఈటీ సార్‌నో దించండి. నిజంగా ఆయుధాలు, దాడి మాట వింటే ఆలస్యం చేయకుండా 112కు చెప్పండి. ఇలాంటి పనులకు మనుషుల్ని చేర్చుకోవడం ఉపా 18బి కింద నేరం, ఐదేళ్ల నుంచి యావజ్జీవం దాకా పడుతుంది. అలాంటి ముఠాల వీడియోలు తమాషాకు ఫార్వర్డ్ చేసినా చిక్కుల్లో పడతారు.

ఒకసారి వెళ్లినవాళ్లు మళ్లీ మామూలు మనుషులవుతారా?

చాలామంది అవుతారు. నాకు తెలిసిన ఒకాయన ఆత్మకూరు వైపు ఊళ్లో ఉంటాడు, నల్లమల అంచున. పీపుల్స్ వార్ రోజుల్లో దళంలో రెండేళ్లు ఉండి లొంగిపోయాడు. ఇప్పుడు చెప్పుల కొట్టు, పక్కన చీటీలు. ఎందుకు పోయావన్నా అంటే, "మా పెద్దనాయన కొడుకు పోయినాడు, వాడెంట నేనూ పోయినా" అన్నాడు. పుస్తకాలేమన్నా చదివారా అంటే నవ్వాడు. ఆయన పని వంట డేక్సా మోయడం. పొద్దున లేస్తే దాని మసి చొక్కా వీపుకు అంటుకునేదట. వానాకాలం తడిసిన బియ్యం మూట ఎంత బరువుంటుందో చేతులతో చూపించాడు. ఉప్పు అయిపోతే వారం రోజులు చప్పిడి కూడు. రెండేళ్లలో తుపాకీ పేల్చింది ఒక్కసారి, అది కూడా తుడుస్తుంటే పొరపాటున పేలింది.

ఊళ్లో కథ వేరేలా ఉంది. ఆయన పెద్ద గురికాడు, శ్రీశైలం రోడ్డులో ఒక్కడే జీపును ఆపాడు, వీపులో ఇంకా గుండు ఉంది. నేను వెళ్లిన రోజు కూడా చెప్పులు కొనడానికొచ్చిన కుర్రాడొకడు ఆ వీపు వైపే చూస్తున్నాడు.

"నిజం చెప్పొచ్చు కదన్నా" అన్నాను.

ఆయన చెప్పుకు మేకు కొడుతూ తల ఎత్తకుండా అన్నాడు. "చెప్తే ఎట్లా సామీ. ఆ గుండు ఉండబట్టే కదా, పదేండ్లాయ, నా చీటీ ఒక్కడూ ఎగ్గొట్టలా."